తొమ్మిది చీటీలు

ముందు శబ్దం వినిపించేది. చెక్క గోడకి అవతల ఎవరో ఇనప దువ్వెనతో రేకును దువ్వుతున్నట్టు గర్ర్‌మని ఒక పొడుగాటి గీత, ఆ వెంటనే టక్‌మని ఒక చుక్క. మళ్ళీ గీత. మళ్ళీ చుక్క. ప్రతి సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి అది మొదలవగానే బెంచీల మీద కూర్చున్నవాళ్ళు దగ్గు బిగబట్టి లెక్కపెట్టుకునేవాళ్ళు. ఒక టక్కుకి ఒక చీటీ. ఒక చీటీకి ఒక మనిషి.

అది ఊపిరితిత్తుల ఆసుపత్రి. గాలి ఎవరి దగ్గరా నిలిచిపోకూడదని కిటికీలకి తలుపులు తీసేశారు. మా అక్కకి తోడుగా నేను వెళ్ళేదాన్ని. వారానికొకసారి మాత్రలిస్తారు, నెలకొకసారి కఫం పరీక్ష చేస్తారు. మాత్రలు పనిచేయడం లేదని పరీక్షలో తేలితే ఆ మనిషి పేరు మీద చీటీ వస్తుంది. చీటీ వచ్చినవాళ్ళని లోపలి గదిలోకి పిలిచి మందు మారుస్తారు. వెంటనే మారిస్తే చాలామంది బతుకుతారు. ఆలస్యమైతే జబ్బు లోపల కాపురం పెట్టేస్తుంది, ఇంక ఏ మందుకీ లేవదు. కొందరు మాత్రలకి తామే వస్తారు, కొందరు ఇంట్లోవాళ్ళని పంపుతారు. చీటీ మాత్రం ఆ రోజే ఇంటికి చేరిపోవాలి. అది అక్కడి నియమం.

అక్క బస్‌స్టాండులో మైకు ముందు కూర్చునే ఉద్యోగం చేసేది. పదమూడేళ్ళు ఊరుఊరంతా ఆమె గొంతు పట్టుకుని బస్సులెక్కింది. ఇప్పుడు ఆ గొంతు తడిసిన బట్టలా బరువుగా వేలాడుతోంది. అయినా వాటం పోలేదు.

"ప్రయాణికులకు గమనిక. ఒక చీటీ బయలుదేరినది. మనది కాదు. కూర్చో," అనేది శబ్దం ఆగగానే, నా చెవిలో.

అప్పుడు చెక్క తలుపు తెరుచుకుని ఆయన బయటికొచ్చేవాడు. పొట్టి మనిషి. కళ్ళజోడుకి ఒక కాడ విరిగితే రాగి తీగతో కట్టుకున్నాడు. చొక్కా జేబులో పెన్ను పక్కన స్క్రూడ్రైవరు. ఎప్పుడూ ఏదో ఒక వైరు మెడలోనో భుజం మీదో ఉండేది. అందుకే అందరికీ ఆయన వైర్ల మాస్టారు. చీటీల కాగితానికి రెండు పక్కలా చిల్లుల అంచులుండేవి. వాటిని ఎంతో ఓపిగ్గా, ఎక్కడా తెగకుండా చింపి, చుట్టలు చుట్టి జేబులో వేసుకునేవాడు. ఆ తర్వాతే చీటీలు సైకిలమ్మ చేతికి.

సైకిలమ్మంటే ఇంటింటికీ చీటీలు చేర్చే మనిషి. ముప్పై దాటి ఉంటుంది. ఎండకి ఆరిన ముఖం, భుజాన ఖాకీ సంచి.

"ఇవాళ ఒక్కటే. అదృష్టవంతురాలివి," అనేవాడు మాస్టారు.

"ఆ ఒక్కటీ ఊరికి ఆ చివర. మీ యంత్రానికి నా మోకాళ్ళ మీద పగ, మాస్టారూ."

"యంత్రానికి పగలుండవమ్మాయ్. అవన్నీ మనకే."

ఈ మాట ఆయన నవ్వుతూ అన్నప్పుడు నేను విన్నాను. తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను.

ఆయన గతం నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. కొంత బెంచీ మీద, కొంత చాలాకాలం తర్వాత ఆసుపత్రి వెనక మెట్ల మీద. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. పద్దెనిమిది మిషన్లు. పిల్లలు కాగితానికి రెండు వైపులా కొట్టాలి, ఆపైన దాన్ని తిప్పి పట్టుకుని గీతల మధ్య ఖాళీల్లో కూడా కొట్టాలి. కాగితం వృథా చేసినవాణ్ణి ఆయన ఏమీ అనేవాడు కాదు, ఆ కాగితం తీసుకుని చేత్తో ముడతలు సాపుచేసేవాడు. తిట్టు కంటే అదే ఎక్కువ తగిలేదట. టైపు నేర్చుకునేవాళ్ళు కరువయ్యాక మిషన్లన్నీ ఇనుము కింద తూకానికి పోయాయి. ఒక్కటి ఉంచుకున్నాడు. నలభై దాటాక ఒక లావుపాటి పుస్తకం ముందేసుకుని కంప్యూటరు భాష ఒకటి తనకు తానే నేర్చుకున్నాడు. యంత్రానికి పని చెప్పే భాష. అందులో మనిషి మాట్లాడినట్టే వాక్యాలు రాయొచ్చట. "ఇన్నాళ్ళూ వేళ్ళకి తెలిసిన అక్షరాలకి అప్పుడు చెవులొచ్చాయి," అన్నాడొకసారి.

ఆ భాషలోనే చీటీల ప్రోగ్రాం రాశాడు. అంతకుముందు పరీక్షల ఫలితాలన్నీ ఇద్దరు గుమాస్తాలు చూసి చేత్తో చీటీలు రాసేవారు. మూడు వారాలు పట్టేది. ప్రోగ్రాం వచ్చాక ఫలితం వచ్చిన సోమవారమే చీటీ. ఆయన ఆ ప్రోగ్రాంని ముట్టుకోనిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకొచ్చే ఆయన భార్య గుమ్మంలోంచే అడిగేది.

"నా సవతి ఒంట్లో బాగుందా?"

"బాగుంది. నీ గురించే అడుగుతోంది."

"అడుగుతుంది, అడగదూ మరి! వండేది నేను, తినేది మీరు, కూర్చునేది దాని పక్కన."

భాష ఒకటే అయినా దానికి రెండు రూపాలు. మాస్టారు నేర్చుకున్నది రెండో వెర్షన్. తర్వాత మూడో వెర్షన్ వచ్చింది. అది పాతదానికి మెరుగులు దిద్దింది కాదు. అదే పేరు పెట్టుకుని కొన్ని మాటల అర్థాలు మార్చేసుకున్న మరో మనిషి. ఎక్స్‌రే గది వాళ్ళకి కొత్తది కావాలి, చీటీలకి పాతది కావాలి, కంప్యూటరు ఒక్కటే. రెండూ అందులోనే ఉండేవి.

"ఒకింట్లో ఒకే పేరున్న తోడికోడళ్ళు ఇద్దరున్నారనుకోండి," అని చెప్పాడు మెట్ల మీద. "వీధి గదిలోంచి పేరు పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతారు? గుమ్మానికి ఎవరు దగ్గరుంటే వాళ్ళు. యంత్రం కూడా అంతే. దాని దగ్గర చిరునామాల వరస ఒకటుంటుంది. పైనుంచి వెతుక్కుంటూ వస్తుంది. మొదట ఎవరు కనిపిస్తే వాళ్ళకే పని అప్పజెబుతుంది. రెండో ఆవిడ ఉందని కూడా చూడదు."

ఏళ్ళ తరబడి ఆయన ఆ వరసని కనిపెట్టుకునున్నాడు. ఎవరేం కొత్తగా పెట్టినా వాళ్ళు వెళ్ళాక కూర్చుని, పాతదాన్ని మళ్ళీ గుమ్మం దగ్గరికి తెచ్చేవాడు. ఎక్స్‌రే గదికి కావలసినదాన్ని పూర్తి చిరునామాతో పిలిచేవాడు. కోడళ్ళిద్దరికీ మాట పడకుండా ఇల్లు నడిపిన మామగారిలా.

తర్వాత పైఆఫీసు నుంచి కొత్త రిజిస్టరు వచ్చింది. దాంతోపాటు ఇద్దరు మనుషులు, ఒక ఉత్తరం. అన్నీ ఇక మూడో వెర్షన్‌లోనే నడవాలి, చీటీల ప్రోగ్రాం కూడా రిజిస్టరే సోమవారం తెల్లవారుజామున దానంతటదే నడిపిస్తుంది, పొద్దున్నకి చీటీలు ట్రేలో ఉంటాయి. కొత్త పెట్టెలకి చోటు చాలక ప్రింటరుని వెనక గదిలోకి మార్చారు. వచ్చినవాళ్ళు మూడో వెర్షన్‌ని వరసలో అన్నిటికన్నా పైన కూర్చోబెట్టి, సంతకాలు తీసుకుని మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయారు.

చీటీల ప్రోగ్రాం ఆ సాయంత్రం మొరాయించింది. అడుగడుక్కీ ఒక ఎర్రగీత, ఒక ఫిర్యాదు. కొత్త వెర్షన్‌లో తెర మీద మాట రాయాలంటే ఆ మాటకి బ్రాకెట్లు పెట్టాలి, పాతదాంట్లో అక్కర్లేదు. అప్పుడాయన రెండు పనుల్లో ఒకటి చెయ్యొచ్చు. తన ప్రోగ్రాంని పూర్తి చిరునామాతో పాత వెర్షన్‌కే అప్పజెప్పొచ్చు. లేదా ఫిర్యాదు వచ్చిన చోటల్లా మాట మార్చుకుంటూ పోవచ్చు.

"విసుగేసిందమ్మా," అన్నాడు నాతో. "పదేళ్ళు ఇద్దరి మధ్యా పంచాయితీ చేశాను. పైఆఫీసు ఉత్తరం ఎదురుగా ఉంది. సర్లే, నువ్వూ మారిపో అనుకున్నాను. నలభై రెండు చోట్ల బ్రాకెట్లు పెట్టాను. ఇరవై నిమిషాలు. అరుపు ఆగిపోయింది. అది ఎందుకు అరుస్తోందో కనుక్కోలేదు, నోరు మూయించాను."

తర్వాత సరిచూసుకున్నాడు. పాత ఫలితాలిచ్చి నడిపించాడు. తెర మీద పేర్లన్నీ సరిగ్గా వచ్చాయి. రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా 'చీటీ రాయడమైనది' అని టిక్కు పడింది. చివర్లో ప్రోగ్రాం ఎప్పటిలాగే అడిగింది, ముద్రించాలా అని. ఆయన ఎప్పటిలాగే వద్దన్నాడు. చేత్తో నడిపినప్పుడు మాత్రమే వచ్చే ఆ ప్రశ్న ఆయనే పెట్టుకున్నది, పరీక్ష కోసం కాగితం తగలెయ్యడం ఇష్టంలేక. పదేళ్ళుగా ఏ పరీక్షకీ ఆయన ఒక్క కాగితం వాడి ఎరగడు.

ఆ తర్వాతి సోమవారం బెంచీల మీద శబ్దం వినిపించలేదు. ప్రింటరు వెనక గదిలోకి వెళ్ళింది కదా, తెల్లారకుండానే పనైపోయి ఉంటుందిలే అనుకున్నాం. రెండు మూడు వారాలు చెవులు ఊరికే వెతుక్కున్నాయి, తర్వాత మానేశాయి.

సైకిలమ్మకి మాత్రం మనసొప్పలేదు. నేను మా అక్క మాత్రల కోసం వరసలో ఉన్నప్పుడు ఆమె చెక్క తలుపు మీద వేలితో కొట్టడం చూశాను.

"మాస్టారూ, ఇవాళ కూడా ట్రే ఖాళీ. నాలుగో వారం. ఊళ్ళో అందరికీ ఒక్కసారే నయమైపోయిందంటారా?"

ఆయన తలెత్తలేదు. "నయమైతే నీకేమైనా బాధా? మోకాళ్ళకి విశ్రాంతి ఇచ్చుకో."

"అది కాదండీ, ఒకసారి చూస్తే..."

"అమ్మాయ్, ఎవరి పేరూ లేకపోతే చీటీ నేను పుట్టించనా?"

ఆమె నిలబడి, సంచి భుజం మార్చుకుని వెళ్ళిపోయింది.

అక్క మాత్రలు వేసుకుంటూనే ఉంది. గ్లాసుడు నీళ్ళు, కళ్ళు మూసుకుని ఒక గుక్క, ప్రతి పొద్దూ, ఎవరికో మాటిచ్చినట్టు. ఆమె నమ్మకం చూస్తే నాకు భయం వేసేది. మెడ దగ్గర గుంటలు లోతయ్యాయి. రాత్రి చెమటకి దిండు మీద తల ఆకారం ఒకటి మిగిలేది, పొద్దున్నే ఆ దిండు ఎండలో పెట్టేదాన్ని. "చీటీ రాలేదంటే మందు పనిచేస్తోందన్నమాటేగా," అనేది. అవును, అంతేగా అనేదాన్ని. చీటీ రాకపోవడమే మా ఇద్దరికీ ఊపిరి.

పదిహేడో వారంలో ఒక మనిషి పోయాడు. సున్నాలు వేసేవాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆయన భార్య వచ్చి లోపలి గది గుమ్మంలో కూర్చుని, మా ఆయనకి మందు ఎందుకు మార్చలేదని అడిగింది. డాక్టరు రిజిస్టరు తెరిచాడు. ఆ మనిషి పేరు పక్కన టిక్కు ఉంది. చీటీ రాయడమైనది, తొమ్మిది వారాల కిందట. చీటీ రాస్తే చేర్చవలసింది ఎవరు?

సైకిలమ్మని పిలిపించారు. అక్క కఫం పరీక్షకి ఇవ్వడానికి వచ్చి నేను ఆ రోజు అక్కడే ఉన్నాను, చెక్క తలుపు సగం తెరిచే ఉంది.

"నాకు ట్రేలో ఏ చీటీ రాలేదు సార్. నాలుగు నెలలుగా ఒక్కటీ రాలేదు. మాస్టారుకి చెప్పాను కూడా."

డాక్టరు మాస్టారు వైపు చూశాడు.

"రిజిస్టరు రాసిందంటే జరిగిందనే సార్," అన్నాడాయన. "యంత్రం జరగనిది రాయదు. సంచిలో ఎక్కడైనా ఉండిపోయాయేమో."

"నా సంచిలోనా?"

"చూస్తే పోయేదేముందమ్మాయ్."

ఆమె సంచి బోర్లించింది. టైరు పంక్చరు సామాను. దువ్వెన. కూతురిది కాబోలు, సాక్సు ఒకటి. ఖాళీ నీళ్ళ సీసా. ఆఖర్న చీటీల రసీదులు, ఇంటింటా సంతకం తీసుకున్నవి, నెలనెలకీ విడివిడిగా కట్టలు కట్టి ఉన్నాయి. కట్టింది ఆయన దగ్గర అడిగి తీసుకున్న చిల్లుల కాగితపు అంచులతోనే. నాలుగు నెలల కిందటి దాకా ప్రతి నెలకీ ఒక కట్ట. ఆ తర్వాత ఏమీ లేవు.

దాంతో ఏమీ తేలలేదు, ఆమెకి తప్ప. చీటీలు దారిలో పారేసిందన్నారు. పని నుంచి ఆపేశారు. సైకిలు ఆసుపత్రిది, అది కూడా లోపల పెట్టించుకున్నారు. ఆమె నడిచి గేటు దాటుతుంటే బెంచీల మీద ఒక ముసలాయన కాండ్రించి ఉమ్మాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

రెండు రోజుల తర్వాత మాస్టారు వెనక గదిలోకి వెళ్ళాడు. ఏదో అనుమానం వచ్చి కాదు. నాలుగు నెలలకోసారి కాగితం ఎంత మిగిలిందో చూసుకోవడం ఆయనకి అలవాటు. ప్రింటరు వెనక మడతల కాగితం దొంతరగా ఉంటుంది. దాని పక్కన గోడ మీద పెన్సిలుతో గీత గీసి తేదీ వేసుకుంటాడు, గీత ఎంత కిందికి దిగితే అంత వాడినట్టు. వంగి చూశాడు. దొంతర పైఅంచు నాలుగు నెలల కిందటి గీత దగ్గరే ఉంది. ఒక్క మడత కూడా కదల్లేదు.

"అక్కడే నేల మీద కూర్చుండిపోయాను," అన్నాడు. "తెర అబద్ధం చెప్పొచ్చు, మనిషి చెప్పొచ్చు. కాగితం ఎలా చెబుతుంది? బయటికి రానిదాన్ని ఆ పిల్ల ఎక్కడ పారేస్తుంది?"

ప్రోగ్రాం ముందుకి వెళ్ళి కూర్చున్నాడు. మొదట అడిగింది, నిన్ను నడిపిస్తున్నది ఎవరు అని. మూడో వెర్షన్ అని జవాబొచ్చింది. ఆ సంగతి తెలిసిందే. తర్వాత ఒక్కొక్క వాక్యం దగ్గరా ఆగి, నీ చేతిలో ఇప్పుడు ఏముంది అని అడుగుతూ కిందికి దిగాడు. జబ్బు ముదిరినవాళ్ళ పేర్లు ఏరే వాక్యం దగ్గర పేర్లున్నాయి. రిజిస్టరులో టిక్కులు పెట్టే చోటా ఉన్నాయి. ముద్రించే చోటికి వచ్చేసరికి ఏమీ లేదు. తప్పు లేదు, ఎర్రగీత లేదు. ఖాళీ.

నాకు అర్థమయ్యేలా ఇలా చెప్పాడు. పాత వెర్షన్‌ని పేర్లు ఏరి ఇమ్మంటే, ఏరి పళ్ళెంలో పెట్టి ఎదుట ఉంచుతుంది. ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. కొత్త వెర్షన్ అదే మాటకి పళ్ళెం పెట్టదు. అడిగినప్పుడు ఒక్కొక్కటే చేతికందిస్తుంది, అందించింది తన దగ్గర ఉంచుకోదు. ఒకసారి చివరిదాకా తీసుకున్నాక మళ్ళీ చెయ్యి చాపితే ఖాళీ చెయ్యి చూపిస్తుంది. అడిగింది తప్పనీ అనదు, అయిపోయాయనీ అనదు. మాస్టారి ప్రోగ్రాం ఆ పేర్లని రెండుసార్లు అడుగుతుంది. మొదట రిజిస్టరు కోసం, తర్వాత చీటీల కోసం. ప్రింటరు మధ్యలో ఇరుక్కుపోతే రాత మిగలాలని రిజిస్టరుని ముందు పెట్టింది కూడా ఆయనే. అలా పదిహేడు వారాలు పేర్లన్నీ టిక్కుల్లోకి ఒలికిపోయాయి. చీటీలకి ఏమీ మిగల్లేదు.

మొదటి పరీక్షలో ఒక్క కాగితం ఖర్చుపెట్టి ఉంటే ఆ సాయంత్రమే తెలిసిపోయేది.

ఆ రోజు సోమవారం. పదకొండు దాటింది. అక్కా నేనూ బెంచీ మీద ఉన్నాం. ఆయన టిక్కులన్నీ తుడిచి, ఈసారి పాత వెర్షన్‌ని పూర్తి చిరునామాతో పిలిచి, ముద్రించమన్నాడు.

వెనక గదిలోంచి ఇనప దువ్వెన రేకును దువ్వింది.

బెంచీల మీద అందరూ అటు తిరిగారు. గర్ర్, టక్. ఒకటి. అక్క నా చెయ్యి పట్టుకుంది. రెండు. మూడు. ఎవరో పిల్లాడి నోరు నొక్కారు. అన్ని వారాలు ఆగిన శబ్దం కదా, ఆగనే లేదు. ఏడు. ఎనిమిది. తొమ్మిదో టక్కు తర్వాత కిటికీల్లోంచి వచ్చిన గాలి కూడా ఎక్కడికెళ్ళాలో తెలియనట్టు తిరిగింది.

తలుపు తెరుచుకుంది. ఆయన చేతిలో చీటీలు అంచులు చింపకుండా, ఒకదానికొకటి అతుక్కునే నేలదాకా వేలాడుతున్నాయి. పైనున్న పేరు పిలిచాడు, సున్నాలు వేసే ఆయనది. ఎవరూ పలకలేదు. రెండో పేరు. పలకలేదు. మూడో పేరు మా అక్కది. పక్కనున్న తేదీ కూడా చదివాడు, పదకొండు వారాల కిందటిది.

అక్క లేచి నిలబడింది.

"ప్రయాణికులకు గమనిక," అంది, ఆ తడి గొంతుతోనే. "మన బస్సు పదకొండు వారాలు ఆలస్యంగా నడుచుచున్నది." దగ్గు వచ్చింది. ఆగాక మామూలుగా అంది, "నేను ప్రతి సోమవారం ఇక్కడే కూర్చున్నాను కదా మాస్టారూ. ఈ బెంచీ మీదే. తలుపు తీసి పిలిచినా వినపడేది."

ఆయన ఆ ఒక్కటీ విడదీశాడు. చీటీ ఇచ్చాడు. అక్క తీసుకుని, ఆయన మిగతా పేర్లు పిలిచేదాకా నిలబడే ఉంది.

లోపలి గదిలో డాక్టరు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పినదాన్ని కూడా నేను విన్నాను, అక్కకి కొత్త మందు రాస్తున్నప్పుడు.

"ప్రింటరు చెడిపోయిందని రాసివ్వండి. ఆ అమ్మాయిని మళ్ళీ పనిలోకి తీసుకుందాం. ప్రింటరుకి పెళ్ళాం పిల్లలు లేరు మాస్టారూ."

"ప్రింటరు బాగానే ఉంది సార్."

"నేను మీ మంచికే చెబుతున్నాను."

"దానికి కాగితం రాలేదు. నేను రానివ్వలేదు. అలాగే రాస్తాను."

ఇంట్లో మిగిలిన ఒక్క టైపు మిషను మీద కొట్టి తెచ్చాడు. ఒకటిన్నర పేజీ, కాగితానికి ఒకవైపే. చీటీలు ఎందుకు రాలేదో, ఎవరు ఎన్నిసార్లు అడిగారో, అడిగితే తనేమన్నాడో. కొత్త వెర్షన్‌ది తప్పు కాదు, పాతదాన్నీ అనడానికి లేదు, సరిచూడకుండా నోరు మూయించినవాణ్ణి నేను అని చివరి వాక్యం. మర్నాడు బెంచీల ముందున్న బోర్డుకి కూడా ఒక నకలు అంటించాడు. మధ్యాహ్నానికి ఎవరో చింపేశారు. ఆ వారంలోనే ఆయన్ని తీసేశారు.

కానీ అంతకుముందే, సైకిలు ఇప్పించుకుని మిగతా ఇళ్ళకి చీటీలు తనే పట్టుకెళ్ళాడు. తొక్కడం సరిగ్గా రాక ఎక్కువదూరం నడిపించుకునే వెళ్ళాడట. ఏడుగురిలో ఒకామె పది రోజుల కిందటే పోయింది. ఆ ఇంటివాళ్ళు చీటీ తీసుకుని సంతకం పెట్టి, నీళ్ళిచ్చారు. "వాళ్ళు తిట్టి ఉంటే బాగుండేది," అన్నాడు. ఆఖరున సైకిలమ్మ ఇంటికి వెళ్ళి సైకిలు గుమ్మంలో స్టాండు వేశాడు. ఆమె తర్వాత నాకు చెప్పింది, తనేమందో.

"పని వచ్చింది, సైకిలొచ్చింది, అంతా వచ్చింది మాస్టారూ. అంతమంది ముందు సంచి దులిపించారు చూడండి, అదొక్కటీ వెనక్కి రాదు అన్నాను. అవునమ్మా అన్నాడు. అమ్మాయ్ అనలేదు. వెళ్ళిపోయాడు."

కొత్త మందు అక్కకి పట్టలేదు. ఆలస్యమైందని ఎవరూ పైకి అనలేదు. నాలుగు నెలలు బతికింది. చివరి వారాల్లో మాట లేదు, వేళ్ళతో మంచం పట్టె మీద కొట్టేది, నీళ్ళకి ఒకసారి, దుప్పటికి రెండుసార్లు. పోయిన రోజు బస్‌స్టాండుకి వెళ్ళి చెప్పాను. మైకులో వేరే అమ్మాయి గొంతు ఏదో ఊరి పేరు చెబుతోంది, చాలా శుభ్రంగా.

మాస్టారు ఆ నాలుగు నెలల్లో మూడుసార్లు వచ్చాడు. ఇంటికి కాదు, ఆసుపత్రికి. లోపలికి రానివ్వకపోతే వెనక మెట్ల మీద కూర్చునేవాడు. అక్క మంచం మీద ఉండేది, మాత్రలకి నేనొక్కదాన్నే వచ్చేదాన్ని. ఈ వివరాలన్నీ అక్కడే చెప్పాడు, నేను అడిగినవీ అడగనివీ. మన్నించమని మాత్రం ఒక్కసారీ అనలేదు. అక్క ఎలా ఉందని అడిగేవాడు. చెప్పినదాన్ని తల వంచి వినేవాడు, లెక్క రాసుకునేవాడిలా కాదు, దెబ్బలు తినేవాడిలా.

ఏడాది తర్వాత బస్‌స్టాండు ఆఫీసు నుంచి అక్క సర్వీసు కాగితాలు నాకు మెయిల్లో వచ్చాయి. వాటిని కాగితం మీదికి తీయించి, సంతకం పెట్టి ఇవ్వాలి. ఆఫీసు ఎదురుగా మెట్ల కింద ఒక జిరాక్స్ కొట్టు ఉంది. వెలుతురు లేని చిన్న గది, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు వీధిలో ఉండాలి. లోపల ఆయనున్నాడు. కళ్ళజోడుకి అదే రాగి తీగ. జేబులో స్క్రూడ్రైవరు లేదు.

గుర్తుపట్టాడు. నేను కాగితాల సంగతి చెప్పాను. కాగితం తెరిచాడు. అక్క పేరు తెర మీదికి రాగానే కళ్ళజోడు సర్దుకుని అక్షరం అక్షరం చూసుకున్నాడు. తర్వాత మీట నొక్కాడు. ఈ కాలపు ప్రింటరు, చప్పుడు లేదు, ఊపిరి తీసినట్టు ఒక సన్నని గాలి. ముద్రణ పూర్తయిందని తెర మీద పడింది. ఆయన తెర చూడలేదు, వంగి, కాగితం బయటికి వచ్చే చోట రెండు చేతులూ పెట్టి నిలుచున్నాడు, ఏదో కిందపడిపోతుందేమో అన్నట్టు. వచ్చాక వెలుతురు వైపు తిప్పి, ముందూ వెనకా చూసి, నాకిచ్చాడు.

నేను మడత పెట్టి సంచిలో పెట్టుకోబోయాను. నాకు ఆ గదిలోంచి బయటపడాలని ఉంది. ఆయన బల్ల మీదుగా చెయ్యి చాపాడు, తగలకుండా, అడ్డంగా.

"చూడకుండా వెళ్ళకండమ్మా. పైకి చదవండి, పేరు దగ్గర్నుంచి. నేను వింటాను."